తగులు – మిగులు

రెండువందల పధ్నాలుగు వరుసల జాబితా అది.
ప్రతి సోమవారం అందరికీ పంపేదాన్ని,
ఎవరూ తెరిచేవారు కాదు.
ఆషాఢంలో ఒక రాత్రి
గేటు సర్వర్ ప్యాచూ ఫైర్‌వాల్ మార్పూ
ఒకే గంటలో ఒకదాన్నొకటి గుద్దుకుని
కంటైనర్ లారీలు పోర్టు గేటు నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా
తెల్లారేవరకు నిలబడిపోయాక
వరూధిని మేడమ్ పిలిచారు.
"జాబితా కాదమ్మా, క్యాలెండర్ కావాలి.
నెలంతా ఒక్క చూపులో పడాలి."

అడ్డంగా ఏడు గడులు, నిలువుగా ఐదు.
డేటాబేస్ పనికి నీలం, నెట్‌వర్క్‌కి పసుపు,
అత్యవసరానికి పండుమిరప రంగు.
మొదటిసారి నడిపితే
నెల నెలంతా ఐదున్నర గంటలు వెనక్కి జరిగి కూచుంది.
సర్వర్ గడియారం ఎక్కడో గ్రీనిచ్‌లో కాపురముంటోంది.
ఆదివారం వేకువన చేయాల్సిన పని
శనివారం గడిలో తేలింది.
ఐదున్నర కలిపి
దాన్ని విశాఖపట్నం తీసుకొచ్చాను.

మార్చి ఆఖరి వారానికి బూడిదరంగు పూశాను,
లెక్కలు ముగిసేదాకా ఎవరూ దేన్నీ ముట్టకూడదని.
"మూఢమన్నమాట" అన్నాడు డేటాబేస్ జిలానీ.
"కాదు, వేట నిషేధం" అన్నాడు మైలపల్లి దాసు.
వాళ్లన్న బోటు ఏటా అరవై ఒక్క రోజులు
ఫిషింగ్ హార్బర్లో తాడుకి కట్టేసి ఉంటుంది.
ఎండకి రంగు పెచ్చులూడుతూ.

ఆ దాసే తెర దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.
"ఏటండీ, నా రాత్రిని రెండు ముక్కలు కోసీసేరు?"

నిజమే.
శనివారం రాత్రి పదకొండు నుంచి ఆదివారం నాలుగు దాకా అతని పని.
శనివారం పై వరుసలో కుడి కొసన,
ఆదివారం కింది వరుసలో ఎడమ కొసన,
మధ్యలో తెరంత దూరం.
అతను మాత్రం సర్వర్ గదిలో
ఒకే కుర్చీలో, ఒకే ఫ్లాస్కు టీతో,
స్వెట్టర్ వేసుకుని ఉంటాడు.

రెండు రోజులకంటిన తిథిని
పంచాంగంలో తగులు, మిగులు అంటారు.
సూర్యోదయానికి ఏది ఉంటే రోజు దానిదేనని తేల్చేస్తారు.
నేనూ అలాగే తేల్చబోయాను.
మరి పదకొండింటికి కేబుల్ పీకిన చెయ్యి
ఏ రోజు లెక్కలోకి వస్తుంది?

మూడు రోజులు కోడ్ రాశాను.
గడి చివర బాణాలు పెట్టాను,
చుక్కల గీతలు గీశాను,
"తరువాయి కింది వరుసలో" అని కూడా రాశాను, సిగ్గులేకుండా.
చివరికి దొరికింది ఒక్క సెట్టింగు:
వారం మొదలు – సోమవారం.
శని, ఆది వచ్చి పక్కపక్కన కూచున్నాయి.
పసుపు పట్టీ అర్ధరాత్రి గీత మీదుగా
తెగకుండా సాగిపోయింది.
మూడు రోజుల కోడ్ చెరిపేశాను.
నెలాఖరు రాత్రుల సంగతి ఇంకా తేలలేదు.

"ఆదివారం చివరికి పోయిందేం?" అన్నారు మేడమ్.
"దాసు కోసమండీ."
ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"ఈ మార్పుకి టికెట్ పెట్టావా?" అన్నారు.
పెట్టలేదు.
తర్వాత పెట్టాను.
గురువారం గడిలో చిన్న ఆకుపచ్చ చుక్క, అదే నేను.

ఇప్పుడది గోడ టీవీలో ఉంది.
పక్క కిటికీలో క్రేన్లు, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్.
నిన్న దాసు ఫోనుతో దాన్ని ఫొటో తీస్తున్నాడు.
రంగులు కాదు, తెల్లగడులు వెతుకుతున్నాడు.
"పాపకి చెవులు కుట్టించాలండి.
రంగంటని ఆదివారం ఒక్కటుందేటి?"

ఇద్దరం కలిసి నెలలు జరుపుకుంటూ
అక్టోబరు దాకా వెళ్లాం.
పద్దెనిమిది.
నొక్కి చూశాను, ఏ టికెట్టూ తెరుచుకోలేదు.
ముందు రోజు గడి కూడా ఖాళీయే.
దాసు పెన్ను అడిగి
అరచేతిలో రాసుకున్నాడు.